బోరింగు వాషరు, పత్తి ప్రెస్సు

(మన పనిముట్ల చరిత్ర – 9వ భాగం)



సింగరాయకొండ దగ్గర హైవే మీద ఒక గంట నిలబడితే గుంటూరు వైపు నుంచి తమిళనాడు మిల్లులకు పోయే పత్తి లారీలు కనబడతాయి. పైన పట్టా, లోపల బేళ్లు. ఒక్కో బేలు 170 కిలోలు. దూది గదా అని చెయ్యి వేసి చూడండి, గోడను ముట్టుకున్నట్టే ఉంటుంది. గాలికి ఎగిరిపోయే దూదిని అంత బండగా చేసేది హైడ్రాలిక్ ప్రెస్సు. ఐటీఐ పుస్తకాల్లో దాని బొమ్మ ఉంటుంది. పక్కన పాస్కల్ సూత్రం, బ్రామా పేరు, బాణం గుర్తులు ఉంటాయి. ఆ బొమ్మలో ర్యాముకీ సిలిండరుకీ మధ్య సన్నగా ఒక నల్లగీత కనిపిస్తుంది. దాని పక్కన 'ప్యాకింగ్' అని రాసి ఊరుకుంటారు. మాస్టారు కూడా ఆ మాట చదివి పేజీ తిప్పేస్తారు.

ఈ భాగం ఆ నల్లగీత గురించి.

ముందు యంత్రం సంగతి చూద్దాం. సన్న పంపులో నీళ్లను నొక్కితే ఆ ఒత్తిడి గొట్టంలో నుంచి పోయి పెద్ద సిలిండరులో ఉన్న లావుపాటి ర్యామును పైకి నెడుతుంది. చిన్న పిస్టను అడ్డుకొలత 1 అంగుళం, ర్యాము అడ్డుకొలత 10 అంగుళాలు అనుకోండి. వైశాల్యం నూరు రెట్లు కాబట్టి బలం కూడా నూరు రెట్లే. ఒక టన్ను పెడితే వంద టన్నులు వస్తుంది. ఊరికే మాత్రం రాదు. ర్యాము ఒక్క అంగుళం లేవాలంటే చిన్న పిస్టను నూరు అంగుళాలు నడవాలి. పెద్దది కాస్త కదలడానికి చిన్నది ఎంత తిరగాలో మనవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ సూత్రాన్ని పాస్కల్ పదిహేడో శతాబ్దంలోనే చెప్పాడు. అయినా పనిచేసే యంత్రం వచ్చేసరికి నూరేళ్లు దాటింది. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా అనే తాళాల తయారీదారు 1795లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఇంత ఆలస్యం కావడానికి ఆ నల్లగీతే కారణం. ర్యాము చుట్టూ ఉన్న సందులో నుంచి నీళ్లు చిమ్ముతాయి. ఆపాలని జనపనారో గుడ్డో బిగించి కూరితే నీళ్లు ఆగుతాయి కానీ ఒత్తిడి తీసేశాక ర్యాము కిందకు దిగదు, పట్టేస్తుంది. వదులు చేస్తే మళ్లీ లీకు. ఈ రెండింటి మధ్య యంత్రం ఇరుక్కుపోయింది.

విడిపించింది తోలు. దళసరి తోలును నానబెట్టి, అచ్చులో వేసి, గిన్నె అంచులాగా వంచిన ఒక వలయం. దాని పెదవి నీళ్లవైపు తెరుచుకుని ఉంటుంది. ఒత్తిడి పెరిగే కొద్దీ నీళ్లే ఆ పెదవిని ర్యాముకు హత్తిస్తాయి. ఒత్తిడి తీసేయగానే పెదవి సడలుతుంది, ర్యాము తన బరువుకి తాను జారిపోతుంది. బిగించే మనిషితో పనిలేదు. ఈ ఆలోచన బ్రామా కొట్లో పనిచేసిన హెన్రీ మాడ్‌స్లేదని, తర్వాత మాడ్‌స్లే దగ్గర పనిచేసిన జేమ్స్ నాస్మిత్ రాశాడు. మాడ్‌స్లే పన్నెండేళ్ల వయసులో ఆయుధ కర్మాగారంలో తూటాలు నింపే పిల్లవాడు. బ్రామా దగ్గర వారానికి 30 షిల్లింగులు ఇచ్చేవారు. 1797లో పెంచమని అడిగాడు. పెంచలేదు. బయటికొచ్చి సొంత కొట్టు పెట్టుకున్నాడు. పేటెంటు కాగితం మీద మాత్రం ఒక్క బ్రామా పేరే ఉంది.

సీమ దేశాల కథ మనకెందుకు అంటారేమో. మీ పల్లెలో బోరింగు ఉంది కదా, దాన్ని గుర్తు తెచ్చుకోండి. నీళ్లు రాకపోతే ఏమంటాం? "వాషరు పోయింది" అంటాం. ఆ వాషరు, అదే ఇండియా మార్క్–2 బోరింగులో ఉండే గిన్నె వాషరు, మొదట్లో తోలుదే. తర్వాత రబ్బరు వచ్చింది. పత్తి ప్రెస్సులో ఉన్నదీ దాని పెద్దన్నే. బోరింగు కంటే ముందు బావుల మీద ఉన్న కపిల బాన తోలుది, దాని తొండం తోలుది. ఊరివాళ్లు తాగినవి తోలులో నుంచి వచ్చిన నీళ్లు, పొలానికి పారించినవీ తోలు తోడిన నీళ్లు. ఆ తోలు ఊనిన మనిషి చెయ్యి బిందెకు తగిలితే మాత్రం మైల! కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు మాదిగలను చంపారు. ఆ గొడవ తాగే నీళ్ల చెరువు దగ్గరే మొదలైంది. నీళ్లకూ తోలుకూ మధ్య ఈ జిల్లాలో నడిచిన చరిత్రను ఏ ఇంజనీరింగు పుస్తకమూ రాయదు.

తోలు ఊనడం సులువైన పని కాదు. సున్నంలో నానబెట్టి వెంట్రుక రాల్చాలి. లోపలివైపు కండ గీకాలి. సున్నం పోయేదాకా కడగాలి. ఆ తర్వాత లందలో తంగేడు చెక్క రసంలో రోజుల తరబడి ఉంచాలి, మళ్లీ మళ్లీ తిరగేయాలి. కరక్కాయ పెట్టాలి. చెక్క పలచనైతే లోపల పచ్చిగా ఉండిపోతుంది. మొదట్లోనే చిక్కగా పోస్తే పైన బిగుసుకుపోయి మధ్యకు రసం దిగదు. వాసన చూసి, వేలితో నొక్కి, అంచు కోసి రంగు చూసి నిర్ణయించాలి. కొలతగిన్నె లేదు, థర్మామీటరు లేదు. దీన్ని రసాయనశాస్త్రం అనకుండా 'కులవృత్తి' అనడం ఎవరికి లాభమో ఆలోచించండి. కంచ ఐలయ్య గారు మాదిగలను శాస్త్రవేత్తలుగా చూపిస్తూ రాస్తే కొందరు నవ్వారు. తంగేడు చెక్కతో ఊనిన మద్రాసు తోళ్లు పందొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కి ఇంగ్లండు పోయాయి. వాళ్లు మాత్రం నవ్వలేదు, డబ్బులిచ్చి కొన్నారు. ఆ డబ్బులు లంద దగ్గరకు రాలేదు, మద్రాసు వర్తకుల దగ్గరే ఆగిపోయాయి. అది వేరే సంగతి. కాదు, అదే సంగతి.

1903 ప్రాంతంలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరింగు ప్రొఫెసరు మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో క్రోము తోలు ప్రయోగాలు మొదలుపెట్టాడు. అప్పుడు ఆయన ముందున్న ప్రశ్న కపిల బాన నీళ్లలో త్వరగా కుళ్లిపోతోంది, ఎక్కువకాలం మన్నే తోలు ఎలా అన్నదే. మరుసటి ఏడు ఆ రాజధానిలో తోలుపని మీద ఒక పుస్తకమూ రాశాడు. మన బావి దగ్గరి సమస్యతోనే మద్రాసులో ఆధునిక తోలు పరిశ్రమ మొదలైందన్నమాట.

ఇక పత్తి. ఓడ కిరాయి దూదికి బరువును బట్టి కాదు, అది ఆక్రమించే చోటును బట్టి పడుతుంది. వదులు దూది ఎక్కిస్తే ఓడ నిండా గాలి మోసినట్టే. అందుకే పత్తి వ్యాపారంలో గింజ తీసే మర ఎంత ముఖ్యమో నొక్కే ప్రెస్సూ అంతే ముఖ్యం. 1861–65 మధ్య అమెరికా అంతర్యుద్ధంతో లాంకషైరు మిల్లులకు పత్తి ఆగిపోయినప్పుడు మన పత్తికి గిరాకీ లేచింది. కృష్ణా, గుంటూరు నల్లరేగళ్లలో పండే ఎర్రఛాయ పత్తి 'కోకనాడ' పేరుతో అమ్ముడుపోయేది. అది కాకినాడ రేవు పేరు. పండించిన నేలకు పేరు లేదు, ఏరిన చేతులకు అసలే లేదు. గుంటూరులో ఆవిరి ప్రెస్సులు లేచాయి. 1899కి బెజవాడ–మద్రాసు రైలు దారి కలిసింది. సింగరాయకొండ ఆ దారిలో ఒక స్టేషను.

ఆ రోజుల్లో మనవాళ్లు ఏం చేస్తున్నారు? యర్రగుంట్ల పేరయ్యది తాళ్లకొండపాడు. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాదికి తిరిగిన మాదిగ. ఆ తిరుగుడులోనే క్రైస్తవం గురించి విన్నాడు. ఒంగోలు బాప్టిస్టు మిషను చరిత్ర ఆయన దగ్గరే మలుపు తిరుగుతుంది. 1876–78 కరువులో జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. తవ్వినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సింగరాయకొండకు దక్షిణాన రామాపట్నంలో వాళ్లకు సెమినరీ వచ్చింది. మాదిగల మీద ఎమ్మా క్లౌ 1899లో రాసిన పుస్తకం పేరులోనే చెప్పులు కుట్టడం ఉంది. చదువు వచ్చింది, పేరు వచ్చింది, దేవుడూ మారాడు. మిల్లు గేటు దగ్గర మాత్రం కులం మారలేదు.

ఇక్కడ మా తాత సంగతి చెప్పాలి. మా అమ్మమ్మకు తమ్ముడు. సింగరాయకొండ పక్క పల్లెలో పుట్టి, గుంటూరు వైపు ఒక పత్తి మిల్లులో కళాసీగా చేరాడు. మిల్లు పేరు అనవసరం. అక్కడ తెల్లదొరల కాలం నాటి నీళ్ల ప్రెస్సు ఉండేది. ఫిట్టరు వేరే ఉన్నాడు, ఊరి మనిషి, పైకులం. గేజి చూడటం, వాల్వు తిప్పడం ఆయన పని. ప్యాకింగ్ పోయినప్పుడు మాత్రం ఆయన ఆ తోలు ముట్టుకునేవాడు కాదు. "చచ్చిన గొడ్డుది, నువ్వు తియ్యరా" అనేవాడు. తాత సిలిండరు నోట్లోకి దిగి పాత వలయం ఊడదీసేవాడు. కొత్తది చేసేదీ ఆయనే.

ఎట్లా చేసేవాడో నాకు చాలాసార్లు చెప్పాడు. ఎద్దు వీపు తోలు కావాలి, పొట్టవైపుది సాగుతుంది, పనికిరాదు. ఎక్కడా ఈగ కరిచిన చిల్లి, ముల్లుకర్ర గాటు ఉండకూడదు. రాత్రంతా నానబెట్టి తెల్లారి ఇనప అచ్చులో పెట్టి బోల్టు బిగించాలి. ఒకేసారి బిగిస్తే మడత దగ్గర పగులుతుంది. పూటకి ఇంత, పూటకి ఇంత. నీడలో రెండు రోజులు ఆరనివ్వాలి. తీశాక పెదవిని రంపెతో ఏటవాలుగా చెక్కాలి. "ఆ చెక్కుడులోనే ఉంది ప్రాణం" అనేవాడు. లావుగా వదిలితే పెదవి వంగదు, సన్నగా చేస్తే ఒత్తిడికి తిరగబడుతుంది. తర్వాత కాచిన పశువుల కొవ్వులో ముంచాలి. ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవరు వాడకూడదు, వెదురు పుల్ల వాడాలి. ర్యాము మీద గీత ఉంటే అరగదీయాలి, లేకపోతే కొత్త వలయం కూడా వారంలో చిరుగుతుంది. సీజను అయిపోయాక ప్రెస్సును ఎండబెట్టకూడదు. తడి ఆరితే తోలు బిరుసెక్కి, తిరిగి నడిపిన రోజే పగులుతుంది.

ఇన్ని తెలిసిన మనిషి రిజిస్టరులో చివరిదాకా 'హెల్పరు'.

బాంబే బట్టల మిల్లుల గురించి బాబాసాహెబ్ చెప్పింది మీకు తెలిసే ఉంటుంది. నాడెలోకి దారాన్ని నోటితో పీల్చాలి కాబట్టి, అంటరానివాళ్ల ఎంగిలి తగులుతుందని నేత ఖాతాలో మనవాళ్లకు చోటివ్వలేదు. ఎక్కువ కూలి వచ్చే ఖాతా అదే. 1928 సమ్మె నాడు ఆయన ఈ ప్రశ్న లేపాడు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే కార్మికుల సభలో బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులే అన్నాడు. స్టేషను మాస్టరు ఇంటిపని కూడా పోర్టరుతో చేయించుకుంటాడు కాబట్టి మనల్ని పోర్టర్లుగా కూడా తీసుకోరని విప్పి చెప్పాడు. అక్కడ మైల మనల్ని యంత్రానికి దూరం పెట్టింది. తాత మిల్లులో అదే మైల మనల్ని యంత్రం గుండెకాయ దగ్గరకు తోసింది, ఎందుకంటే అక్కడ ఉన్నది తోలు. ఫలితం మాత్రం రెండు చోట్లా ఒకటే, తక్కువ గ్రేడు. మైలకు స్థిరమైన సూత్రమేమీ లేదు, కూలి పట్టీలో మనం ఎక్కడ ఉండాలో ముందే తేలిపోతుంది, కారణం తర్వాత వెతుకుతారు. కమ్యూనిస్టు మిత్రులు యంత్రం కులాన్ని కరిగిస్తుందని చెప్పినప్పుడల్లా నాకు ఆ సిలిండరు నోరు గుర్తొస్తుంది.

గ్రేడు అనేది గౌరవం సంగతి మాత్రమే అనుకోకండి. కనీస వేతనాల జీవోల్లో స్కిల్డ్, సెమీస్కిల్డ్, అన్‌స్కిల్డ్ అని వరసలుంటాయి. వరస మారితే నెల జీతం మారుతుంది. ఇంకోటుంది. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహారం చట్టంలో ఒక పట్టిక ఉండేది. బొటనవేలు పోతే సంపాదనాశక్తి 30 శాతం పోయినట్టు లెక్క. చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం. ఏకలవ్యుడికి ద్రోణుడు అంత కూడా కట్టివ్వలేదు లెండి! ఆ శాతాన్ని దేంతో హెచ్చవేస్తారు? నెల జీతంతో. ఫిట్టరు పని చేస్తూ హెల్పరు జీతం తీసుకునేవాడి వేలు పోతే ఆ వేలుకి కూడా హెల్పరు రేటే. బతికున్నప్పుడు తగ్గించినది తెగిపోయాక కూడా తగ్గుతుంది.

ఆడవాళ్ల సంగతి ఇంకొంచెం వంకర. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షనులో నడుస్తున్న యంత్రపు ప్రధాన భాగాలను శుభ్రం చేయడం, నూనె పెట్టడం, సర్దడం ఆడవాళ్లతో చేయించకూడదని ఉండేది. 27వ సెక్షనులో పత్తి ప్రెస్సులో దూది విప్పే యంత్రం ఉన్న భాగంలో, అడ్డుగోడ కట్టి నిబంధనలు పాటిస్తే తప్ప, వాళ్లను పెట్టకూడదని ఉండేది. రక్షణ మంచిదే, చీర కొంగు పట్టుకుని లాగే షాఫ్టు ముందు సిద్ధాంతాలు పనికిరావు. అయితే యంత్రం ఆపాక మరమ్మతు చేయొద్దని చట్టం అనలేదు. మిల్లులు అన్నాయి. మన ఆడవాళ్లు పత్తి ఏరడం, కాయ వేరుచేయడం, ఊడ్చడం దగ్గరే ఆగిపోయారు. టంగుటూరు, కందుకూరు, ఒంగోలు వైపు పొగాకు పనిలోనూ అదే బొమ్మ. ఆకు గ్రేడు చేసేది ఆడవాళ్లు, ప్రెస్సు మీట దగ్గర మగవాడు.

ఇప్పుడు తోలు పోయింది. నీళ్లకు బదులు నూనె, తోలుకు బదులు రబ్బరు, పాలీయురితేను. 2000లో పత్తి టెక్నాలజీ మిషన్ వచ్చాక పాత మిల్లులు చాలా మారాయి, ప్యానెలు మీద బటన్లు వచ్చాయి. కానీ జబ్బులు పాతవే. ఐటీఐ ఫిట్టరు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది జాగ్రత్తగా చదవండి.

పత్తి మిల్లులో నూనెకు మొదటి శత్రువు దూదే. ట్యాంకు మూత సరిగా లేకపోతే పీచు పడి జల్లెడ మూసుకుపోతుంది. పంపుకు నూనె అందక గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు విని కూడా నడిపితే పంపు లోపల తినేస్తుంది. నూనె నురగ కడితే ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. పాలరంగుకు మారితే నీళ్లు కలిశాయి. నొక్కి ఆపిన ప్లేటు దానంతట అదే మెల్లగా జారుతుంటే సీలైనా పోయి ఉండాలి, వాల్వయినా లీకవుతూ ఉండాలి. రెంటిలో ఏదో తేల్చకుండా సీలు మార్చడం డబ్బు దండగ. స్తంభాల నట్లు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ బిగిస్తే ప్లేటు వంకరగా దిగి ర్యామును ఒకే పక్క అరగదీస్తుంది. అందుకని ఎదురెదురు నట్లు జతగా, కొంచెం కొంచెం బిగించాలి.

అసలు గొడవ రిలీఫ్ వాల్వు దగ్గర. ఒత్తిడి హద్దు దాటితే నూనెను ట్యాంకుకి వదిలేసే కాపలాదారు అది. సీజనులో బేళ్లు త్వరగా పడాలని ఆ స్క్రూను ఇంకో అర చుట్టు బిగించమంటారు. నోటిమాటగా చెబుతారు, కాగితం ఉండదు. గొట్టం పగిలితే బిగించినవాడిదే తప్పు. ఆ మాట రాసి ఇవ్వమని అడగండి. రాసి ఇవ్వరు, అప్పుడు బిగించకండి.

చెయ్యి పెట్టే ముందు మెయిన్ స్విచ్చి ఆపి తాళం వేసి తాళంచెవి మీ జేబులో పెట్టుకోవాలి. ప్లేటు కింద దిమ్మ పెట్టాలి. గేజి సున్నా చూపించిందని నమ్మొద్దు, ముల్లు ఇరుక్కుపోయి కూడా సున్నా చూపిస్తుంది. ఒత్తిడి వదిలే వాల్వు తెరిచి చూడాలి. సూదిమొన అంత లీకును వేలితో వెతకడం అన్నిటికంటే ప్రమాదం, అట్ట ముక్కతో వెతకాలి. ఆ ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. బయట చూస్తే దోమ కుట్టినట్టు ఉంటుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. గంటల్లో ఆపరేషను చేయకపోతే వేలో చెయ్యో పోతుంది. పీహెచ్‌సీలో టీటీ ఇంజక్షను చేసి పంపిస్తే ఒప్పుకోవద్దు. నూనె లోపలికి పోయిందని గట్టిగా చెప్పి పెద్దాసుపత్రికి పోవాలి.

అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 1973లో చేర్చిన 3ఎ సెక్షను ప్రకారం ట్రేడుల శిక్షణలో ఎస్సీ, ఎస్టీలకు సీట్లు కేటాయించాలి. సీటు వస్తోంది, సర్టిఫికెట్టూ వస్తోంది. మిల్లుకి పోతే కాంట్రాక్టరు మళ్లీ 'హెల్పరు' అని రాసుకుంటున్నాడు. ఇప్పుడు తోలు అనే సాకు కూడా లేదు.

ప్రతి ప్రెస్సు దగ్గరా మరమ్మతుల పుస్తకం ఉంటుంది. తేదీ, లోపం, మార్చిన భాగం, చివర్న 'పని చేసినవారు' అనే గడి. మీలో ఎవరైనా జిన్నింగు మిల్లులోనో పొగాకు ప్లాంటులోనో చేస్తుంటే ఈ వారం ఆ గడిలో ఎవరి పేరు రాస్తున్నారో చూడండి. సీలు మార్చింది మీరైతే మీ పేరు మీరే రాయండి, సంతకం పెట్టండి, ఆ పేజీ ఫోటో తీసి దాచుకోండి. లేబరాఫీసులో గ్రేడు కోసం అర్జీ పెట్టేరోజు అదే మీ సాక్ష్యం. తాత పనిచేసిన ఏళ్లలో ఆ గడిలో ఉన్నది ఫిట్టరు సంతకమే.

వచ్చే భాగం: కపిల తొండం కుట్టు.

జై భీమ్.